నల్లంచు శుభాకాంక్షలు

ఎమ్మిగనూరు జాతర ఇంకా ఇరవై దినాలు ఉందనంగానే వీరేష్‌కు నడుము నొప్పి మొదలయితాది. ఈ రోగానికి డాక్టర్లు ఎవరూ పేరు పెట్టలేదు గానీ, కారణం మాత్రం వీధి మొత్తానికీ తెలుసు. మగ్గం గుంత.

గుంత మగ్గం చూసినోళ్ళకు చెప్పే పని లేదు. చూడనోళ్ళ కోసం చెప్తాండా: నేసే మనిషి నేల మీద కూర్చొని, కాళ్ళు గుంతలోకి దించి, కింద ఉండే చెక్కలు తొక్కుతాడు. ఆ గుంత తవ్వింది రెండు కాళ్ళ కోసం. నిండా పొడుగు మనిషి పండుకునేదానికి కాదు. పోయిన జాతరకు వీరేష్ అందులో తొమ్మిది దినాలు పండుకున్నాడు, శొంఠి కొమ్ము మాదిరి ముడుచుకొని.

ఏంటికంటే, జాతరకు భార్య సుధారాణి తరపు చుట్టాలు వస్తారు. ఆదోని నుంచి బామ్మర్ది శంకరన్న, పెండ్లాం పిల్లల్తో. ఆస్పరి నుంచి సుధారాణి చిన్నమ్మ దేవక్క. సి.బెళగల్ నుంచి పెద్దనాయన కొడుకు గోవిందన్న, వెనక ఆయన సంతానం. ఇంట్లో ఉండేది ఒక గది, ఒక వంటిల్లు, ఒక మగ్గం సాల, ముందర ఒక వసారా. మంచం మీద దేవక్క. గదంతా పిల్లలు. గోవిందన్న గురక పెడితే పైకప్పు దంతెలో ఎలుకలు కూడా ఇల్లు మారతాయి కాబట్టి వసారా మొత్తం ఆయన ఒక్కనికే. ఇంక ఇంటాయనకు మిగిలేది గుంత.

"ఈసారి నా మంచం మీద నేనే పండుకుంటా," అని వీరేష్ మగ్గం మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకున్నాడు. అయితే రావద్దని నోటితో చెప్పేదానికి లేదు. సుధారాణికి తెలిస్తే ఆ గుంత కూడా దక్కదు.

అట్లాంటి గడ్డు కాలంలో ఫోనులో ఒకామె కనపడింది. ఆమెది ఏ ఊరో, ఏ భాషో తెలీదు. తెల్ల అట్ట ముందర పెట్టుకొని, మెత్తని స్పాంజికి రంగు ఇంకు అద్ది, గుండ్రంగా రుద్దుతాంది. మధ్యలో లేత రంగు, దాని సుట్టూ కొంచెం ముదురు, అంచులకు పోయేకొద్దీ ఇంకా ముదురు. ఏ రంగు యాడ ఆగిపోయిందో, ఇంకోటి యాడ మొదలయిందో కనపడదు. దాని మీద రబ్బరు అచ్చులతో టపటపా పూలు గుద్ది, గ్రీటింగు కార్డు అని చూపించింది. ఆమె గోర్లకు కూడా రంగు అంటలేదు.

వీరేష్ మూడుసార్లు చూసినాడు. మూడోసారికి ఆయనకు కార్డు కాదు, మంచం కనపడింది.

గ్రీటింగు అంటే ఏమి? మేము రాము, మీరూ రావాల్సిన పన్లేదు, అని మర్యాదగా చెప్పడమే కదా. ఇన్సూరెన్సు ఏజెంటు ప్రతి కొత్త సంవత్సరానికీ గ్రీటింగు పంపుతాడు. ఒక్కసారన్నా వీరేష్ చాప చంకలో పెట్టుకొని వాళ్ళింటికి పోయినాడా? పోలేదు. అదీ గ్రీటింగు మహిమ.

"సుధా, ఈసారి జాతరకు మీ వాళ్ళందరికీ నా చేత్తో గ్రీటింగులు చేసి పంపుతా."

చింతపండు పిసుకుతాన్న సుధారాణి చెయ్యి ఆగింది. పెండ్లయిన పదారేండ్లలో ఈ మనిషి తన వాళ్ళకు చేత్తో చేసింది ఒకటే ఒకటి, బస్సు కదిలేటప్పుడు టాటా.

"జరం గానీ వచ్చిందా?"

"జరం కాదు. ప్రేమ."

"మాత్ర ఏసుకో, తగ్గుతాది."

తగ్గలేదు. మరుసటి దినమే సామాన్లు పోగేసినాడు. కార్డులకు అట్టలు కావాల. అటక మీద పాత జకార్డు అట్టలు ఉండాయి. చీర అంచులో పువ్వు ఎట్ల రావాల్నో మగ్గానికి చిల్లులతో చెప్పే అట్టలు. కోసి చూస్తే ప్రతి కార్డుకూ ముప్పై నలభై చిల్లులు.

"ఏంది, ఎలుకలు కొట్టినయ్యా?" అన్నాది సుధారాణి.

"అవి నక్షత్రాలు. వెనక నల్లని ఆకాశం పడితే ఎట్ల మెరుస్తాయో సూడు."

ఆకాశానికి నలుపు కావాల. నూలుకు రంగు వేయంగా మిగిలిన నల్ల రంగు ఒక డబ్బా ఉండాది. ఉతికినా పోని రంగు, ఉరుకుతానన్నా వదలని రంగు. ఇంక స్పాంజి. ఇల్లంతా వెతికితే సరిగ్గా ఫోనులో ఆమె చేతిలో ఉన్నట్ల గుండ్రంగా, మెత్తగా ఒకటి దొరికింది.

"నా పౌడరు డబ్బాలో పఫ్ యాడప్పా?" అని సాయంత్రం సుధారాణి అడిగింది.

"అది కళాసేవలో ఉండాది."

సుధారాణి వచ్చి చూసింది. తెల్లగా, కోడిపిల్ల మాదిరి ఉండే పఫ్ ఇప్పుడు పొయ్యిలో పడి లేచిన కోడిపిల్ల మాదిరి ఉంది. వీరేష్ ముక్కు, రెండు చెవులు, అరికాలు కూడా నల్లగా ఉండాయి. అరికాలికి ఎట్ల అంటిందో ఆయనకే తెలీదు.

తర్వాత అచ్చులు. జాతర అంటే తేరు. పాత హవాయి చెప్పు రబ్బరు తీసుకొని బ్లేడుతో తేరును చెక్కుతాంటే సుధారాణి నెత్తి కొట్టుకుంది.

"దేవుని తేరును సెప్పుతో సేస్తావా? కండ్లు పోతాయి."

చెప్పు పక్కన పెట్టి ఆలుగడ్డ తీసుకున్నాడు. గంటసేపు కూర్చొని చక్రాలు, కలశం, జెండాతో సహా చెక్కి, కాళ్ళు కడుక్కొనేదానికి లేచినాడు. వచ్చేలోగా తేరు కూరలో ఉడుకుతాంది. అన్నంలో ఒక చక్రం దొరికితే కండ్లకద్దుకొని మింగినాడు.

రెండో ఆలుగడ్డకు ఓపిక తగ్గింది. చక్రాలు చెక్కలేదు. నాలుగు స్తంభాలు, పైన గోపురం, మధ్యలో కూర్చునే చోటు, అంతే. సుట్టూ బెండకాయ ముక్కలతో పూలు గుద్దినాడు. మా పక్క ఎవరన్నా పోతే పండబెట్టరు. కూర్చోబెట్టి, పూలు కట్టిన విమానంలో భుజాల మీద మోసుకుపోయి పూడ్చిపెడతారు. వీరేష్ గుద్దిన తేరు అచ్చం ఆ విమానమే. ఆయనకు మాత్రం తేరుగానే కనపడింది. చేసినోని కండ్లకు అట్లే కనపడతాది.

మధ్యలో నిమ్మపండు రంగు, దాని సుట్టూ నారింజ, అంచులకు కటిక నలుపు. ఫోనులో ఆమె ముదురు రంగు అంచులకే పోవాలని చూపించింది, ఈయన అక్షరం తప్పకుండా చేసినాడు. నల్ల అంచు కార్డు అంటే మా ఊర్లలో ఏమని చిన్న పిల్లోళ్ళు కూడా చెప్తారు గానీ, కళ కమ్ముకున్న మనిషికి పిల్లోళ్ళ తెలివి ఉండదు.

సుధారాణి కార్డును చూసింది. మొగుని మొహం చూసింది. మళ్ళా కార్డును చూసింది.

"ఎట్లుంది?" అన్నాడు వీరేష్.

"అంచుల్లో ఇంకొంచెం నలుపు పట్టించు. నిండుగా ఉంటాది."

పదారేండ్లలో ఆమె తన పనిని మెచ్చుకోవడం ఇదే మొదలు. వీరేష్‌కు ఎంత సంబరమైందంటే, డబ్బా అడుగంటేదాకా నలుపు పట్టించినాడు.

వెనక పక్క రాత కూడా ఆయన సొంతమే. 'మీకు జాతర శుభాకాంక్షలు. ప్రయాణ బడలిక లేకుండా, మీరు ఉన్నచోటనే సుఖంగా ఉండవలెనని కోరుతూ, మీ వీరేష్.'

సుధారాణి చదివింది. "ఇది శుభాకాంక్షనా, నూట నలభై నాలుగో సెక్షనా?"

"వాళ్ళ సుఖం కోరితే తప్పా?"

"తప్పేముంది. అయితే పంపింది ఎవరో ముందర పక్కనే తెలియాల కదా. నేతన్న గుర్తింపు కార్డుకని దిగిన నీ ఫొటోలు పెట్టెడుండాయి. తేరు మధ్యలో అంటించు."

ఆ ఫొటో తీసేటప్పుడు స్టూడియో ఆయన నవ్వొద్దు, కదలొద్దు, ఊపిరి బిగపట్టు అన్నాడు. వీరేష్ బిగపట్టినాడు. వదలమని ఆయన చెప్పలేదు. ఫొటోలో కండ్లు పైకి తేలి ఉంటాయి. అట్లాంటి పద్నాలుగు వీరేష్‌లు పద్నాలుగు తేర్లెక్కి, పద్నాలుగు నల్లంచుల మధ్య కూర్చున్నారు.

అడ్రసులు సుధారాణి చెప్పింది. ఒక్కరినీ మరవలేదు. "శేషప్ప మామకు కూడా ఒకటి రాయి."

శేషప్ప సుధారాణికి మేనమామ. మంత్రాలయం దారిలో ఒక పల్లె. ఎనభై దాటినాయి. సావులకు తప్ప యాడికీ కదలడు. పెండ్లికి పిలిస్తే మోకాలు నొప్పంటాడు, ఎవరన్నా పోయినారంటే ఆరు మైళ్ళు నడిచి వస్తాడు.

"ఆయన ఎన్నడూ జాతరకు రాలేదు కదనే. ఆయనకు ఏంటికి?"

"రానోళ్ళను రావద్దనేది ఇంకా సులభం కదా," అన్నాది సుధారాణి. వెంటనే, "అంటే, సుఖంగా ఉండమనేది," అని దిద్దుకుంది. వీరేష్ రాసే ధ్యాసలో ఉండి ఆ మాట పట్టించుకోలేదు.

కార్డులు నూలు దారానికి కట్టి వసారాలో ఆరేసినాడు. పక్కింటి బసమ్మ నీళ్ళ బిందెతో పోతాపోతా ఆగింది. పద్నాలుగు కార్డులనూ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎంత పని జరిగె," అని గొణుక్కుంటా పోయింది.

"చూసినావా, కండ్లల్లో నీళ్ళు పెట్టుకుంది. ఆమెకు కళ అంటే ప్రాణం," అన్నాడు వీరేష్.

కవర్లో పెడితే కళ కనపడదని, స్టాంపులు కార్డుల మీదే అంటించి పోస్టాఫీసుకు తీసుకుపోయినాడు. కౌంటర్లో ఉన్నాయన ఒక కార్డు చూసి, లేచి నిలబడి, గొంతు తగ్గించి అడిగినాడు.

"ఎవరప్పా, మీ అన్నా?"

"కాదు సార్. నేనే."

ఆయన రెండు చేతులూ జోడించినాడు. ఆ దినం వరసలో నిలబెట్టకుండా అందరికంటే ముందు వీరేష్ కార్డులకే ముద్రలేసి పంపించినాడు.

జాతర ఇంకా నాలుగు దినాలుంది. చుట్టాల నుంచి ఒక్క ఫోను లేదు. ముందు దినమంతా వీరేష్ నూలు పని మీద ఆదోనికి పోయి పొద్దుపోయి వచ్చినాడు. తెల్లారి మంచం వసారాలోకి లాక్కొని, దాని మీద బాసింపట్టు వేసుకొని, బొరుగుల ఉగ్గాని తట్ట ఒళ్ళో పెట్టుకొని, మిరపకాయ బజ్జీ కొరికినాడు. అదీ రాజ్యం అంటే.

అప్పుడు వీధి మొదట్లో ఏడుపు వినిపించింది.

అది మామూలు ఏడుపు కాదు. రాగం ఉంది, తాళం ఉంది, మధ్యలో ఎదరొమ్ము మీద దరువు ఉంది. ఆస్పరి పక్కల ఏ సావు జరిగినా దేవక్క వచ్చేదాకా శవాన్ని ఎత్తరు. ఆమె గొంతుకు అంత పేరు. ఆటో దిగి, కొంగు నడుముకు చుట్టి, ఇంటి ముందరికి వచ్చి కూలబడింది.

"అల్లుడా, నా వీరేషప్పా, నేను మంచం మీద పండుకుంటే నువ్వు గుంతలో పండుకుంటివే... నా టీలో రెండు సెంచాల సక్కెర ఏసి నువ్వు సప్పిడిది తాగితివే... కసురుకోవాలని ఉన్నా కసురుకోకుండా పండ్లు కొరుక్కుంటివే..."

"అత్తా, నేను ఈడనే ఉండా," అన్నాడు వీరేష్, నోట్లో బజ్జీతో.

దేవక్క కండ్లు తుడుచుకొని చూసింది. "ఉండప్పా. మొదలుపెట్టినాక సగంలో ఆపితే ఇంటికి మంచిది కాదు. నువ్వు బతికిండేది తర్వాత మాట్లాడుదాం." మళ్ళా ఎత్తుకుంది.

రెండో ఆటోలో శంకరన్న దిగినాడు. చేతిలో మనిషెత్తు బంతిపూల దండ.

"బతికే ఉండావా బావా. మంచిది. దండ మాత్రం పూలంగడాయన వాపసు తీసుకోడు. మెడ వంచు." వేసేసినాడు.

"ఏందిరా ఇదంతా?"

శంకరన్న జేబులో నుంచి కార్డు సగం ముక్క తీసినాడు. "అంచులు నలుపు. మధ్యలో విమానం. విమానంలో నువ్వు, కండ్లు తేలేసి. ఇంకేమనుకోవాల?"

వీరేష్ కార్డు ముక్కను చూసినాడు. మొట్టమొదటిసారి అది ఆయనకు తేరు మాదిరి కనపడలేదు. చేతిలో బజ్జీ చల్లగయింది.

"వెనక పక్క రాసింది సదవలేదా?"

"నల్లంచు కార్డు ఎవరన్నా సదువుతారా బావా? వాకిట్లోనే చింపేసి, తలకు పోసుకొని, బస్సెక్కేదే."

మూడో ఆటోలో గోవిందన్న, ఆయన వెనక ఇంకో రెండు ఆటోలు. పోయినేడాది రానోళ్ళు కూడా వచ్చినారు. వచ్చినోళ్ళు వచ్చినట్ల వసారాలో కూర్చొని, బతికుండే వీరేష్ సుట్టూ ఏడ్చినారు. దేవక్క ఒక్కొక్క గుణం ఎత్తుకుంటే మిగతావాళ్ళు అవునవునని అందుకున్నారు. రంగులరాట్నం ఎక్కి కండ్లు తిరిగిన గోవిందన్నను ఈ భుజాల మీదే మోసుకొచ్చినాడంట. ఎద్దుల సంతలో తప్పిపోయిన శంకరన్న బిడ్డను ఊరంతా తిరిగి వెతికినాడంట. అవన్నీ జరిగినవే. వీరేషే మరిచిపోయినాడు. మోసిన భుజాన్ని వారం దినాలు తిట్టుకోవడం ఒక్కటే ఆయనకు యాదికుంది.

అత్తగారి వైపు నుంచి పదారేండ్లలో ఒక్క మంచి మాట విననోడు, ఒక పూటలో ఇన్ని వినేసరికి ఒళ్ళో తట్ట కింద పెట్టేసినాడు. దండ సర్దుకొని లేచి నిలబడినాడు.

"ఎవరూ ఏడవొద్దండి. వచ్చినోళ్ళు వచ్చినట్లే ఉండాల. తేరు లాగేదాకా ఒక్కరు కదిలినా నన్ను నిజంగా సంపినట్లే."

ఏడుపు కొళాయి కట్టేసినట్ల ఆగిపోయింది.

"అల్లుడు అంత మాట అన్నాక ఎట్ల పోతాం," అని దేవక్క లేచి, నేరుగా మంచం మీదికి పోయి కూర్చుంది.

ఆటోల్లో నుంచి సంచులు దిగినాయి. వీరేష్ మురిపెంగా ఒక చెయ్యి వేసినాడు. ఒక సంచిలో సద్ద రొట్టెలు, నాలుగు దినాలు నిలవుండేవి. ఇంకోదాంట్లో దుప్పట్లు. ఒకదాంట్లో పిల్లల కొత్త గుడ్డలు, గాలిబుగ్గలు ఊదే పంపు. అడుగున మామిడికాయ ఊరగాయ జాడీ, మూతికి తెల్లగుడ్డ కట్టి, నూనె కారకుండా.

జాడీని అటూ ఇటూ తిప్పి చూసినాడు. తర్వాత దండతోనే వంటింట్లోకి పోయినాడు.

"సుధా, సావింటికి ఊరగాయ ఎవరన్నా తెస్తారా?"

"తేరు," అన్నాది సుధారాణి, ఇంత పెద్ద గిన్నెలో బొరుగులు నానేస్తా.

"నువ్వు వాళ్ళకు ముందే ఫోను చేసినావు."

"నువ్వు పోస్టాఫీసు నుంచి ఇంటికి రాకముందే చేసినా. ఒక్క శేషప్ప మామకు తప్ప. ఆయనకు ఫోను లేదు."

"అట్లయితే ఎవరూ సదవకుండా చింపలేదు. సదివినారు."

"సదివినారు, నాకు ఫోనులో సదివి వినిపించినారు కూడా. ఉన్నచోటనే ఉండమన్న మాటకు దేవక్క చిన్నమ్మ నిజంగానే ఏడ్చింది. అన్ని ఏండ్ల నుంచి వస్తాంటే అల్లునికి ఇంత బరువైపోతిమా అని. ఆ ఏడుపు మాన్పించి, ఈ ఏడుపు నేనే ఒప్పించినా."

వీరేష్ జాడీని మెల్లగా గూట్లో పెట్టినాడు. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"ప్రేమ అంటివి చూడు, అప్పుడే."

వీరేష్ దండలో ఒక పువ్వు తుంచినాడు. "నేను నిజంగా పోతే కూడా ఇంత బాగా ఏడుస్తారా?"

"ఇంకా బాగా ఏడుస్తారు. ఒకసారి అలవాటైంది కదా. పో, పోయి పండుకో, మొహం వాడిపోయింది. నీ పక్క పరిచే ఉంది."

యాడ పరిచిందో అడగలేదు. మగ్గం సాలలోకి పోయినాడు. తొక్కుడు చెక్కలు విప్పి గోడకు ఆనించి ఉండాయి. గుంతలో బొంత, దిండు, దిండు మీద ఒక కార్డు.

జకార్డు అట్టే. మధ్యలో నిమ్మపండు రంగు ఉదయించి నారింజలో కరిగి, నారింజ పోయి ఎర్రమట్టి రంగులో కలిసింది. యాడ ఏ రంగు ఆగిందో కండ్లు పెట్టి వెతికినా దొరకదు. దాని మీద తేరు, నాలుగు చక్రాలూ ఉన్న తేరు. నాలుగు మూలలా పసుపు. వెనక తిప్పినాడు.

'మీకు జాతర శుభాకాంక్షలు. మీరు ఉన్నచోటనే సుఖంగా ఉండవలెనని కోరుతూ, మీ సుధ.'

వీరేష్ గుంతలోకి దిగి, కార్డును ఎద మీద పెట్టుకొని, అలవాటు ప్రకారం ముడుచుకోబోయినాడు. కాళ్ళకు ఏమీ తగల్లేదు. ఇంకొంచెం చాపినాడు. ఇంకా చోటుంది.

"సుధా, గుంత పొడుగయిందే."

"నిన్న నువ్వు ఆదోనికి పోయింటివి కదా, తవ్వించినా. మంచం ఎట్లా చిన్నమ్మదే. నువ్వన్నా కాళ్ళు చాపుకో," అని వంటింట్లో నుంచి జవాబు వచ్చింది.

గుంత పక్కనే కొత్తగా తవ్విన మట్టి కుప్పగా ఉంది. వీరేష్ నిండుగా కాళ్ళు చాపి, చేతులు ఎద మీద పెట్టుకొని కండ్లు మూసుకున్నాడు. దండ తీసే ఓపిక కూడా లేదు. పగలే అయినా వసారాలో గోవిందన్న గురక మొదలయింది. అయినా సుఖంగానే ఉంది.

సాల వాకిట్లో కర్ర చప్పుడైంది. శేషప్ప మామ. ఆరు మైళ్ళు నడిచి, బస్సు పట్టుకొని, అందరికంటే ఆఖర్న చేరినాడు. కండ్లు ఆనవు, అయినా చూడాల్సింది అంతా కనపడింది: గుంత, దండ, కదలని మనిషి, పక్కన తాజా మట్టి. కండువా తీసి చంకలో పెట్టుకున్నాడు. వంగి పిడికెడు మట్టి తీసుకొని, భక్తిగా వేసినాడు.

సగం నోట్లో పడింది. వీరేష్ దిగ్గున లేచి కూర్చొని ఉమ్మినాడు. "మామా, నేను బతికే ఉండా."

శేషప్ప జాలిగా తల ఊపినాడు.

"మొదట్లో అందరికీ అట్లే ఉంటాది నాయనా. పండుకో," అని ఇంకో పిడికెడు తీసుకున్నాడు.